పొద్దు గ్రుంకువరకు నిలిచిన చేతులు

(పెద్దల తరగతికిని, స్త్రీల సమాజమునకును పాఠము)

ధ్యాన భాగము: నిర్గమకాండము 17:8–13
తోడుగా చదువవలసినవి: యోహాను 9:1–3, 1 కొరింథీయులకు 12:22–26, గలతీయులకు 6:2



ఈ మాసపు పాఠమును మా తప్పిదము నొకటి ఒప్పుకొనుటతో ఆరంభించుచున్నాము. మా సంఘములో కూలిపని చేసికొని బ్రతుకు కుటుంబ మొకటి కలదు. ఆ యింటి చిన్న కుమారుడు అప్పటికి ఆరేండ్లవాడు. వానికి మాటలు రావు. పేరుపెట్టి పిలిచిన తిరిగి చూడడు. గుడిలో డోలు మ్రోగగానే రెండు చెవులు మూసికొని కేకలు వేయును. ఒక ఆదివారము ప్రసంగము జరుగుచుండగా వాడట్లే కేకలు వేసెను. పెద్దలలో ఒకరు బయటికి తీసికొని పొమ్మని చేతితో సైగ చేసిరి. తల్లి బిడ్డను ఎత్తుకొని వెళ్లిపోయెను. మరుసటి ఆదివారము ఆమె రాలేదు. ఆ తరువాత ఆదివారమును రాలేదు. ఆమె కూర్చుండు చోటు ఖాళీగా నుండుట మేము చూచితిమి గాని ఆమె యింటికి పోలేదు.

ఎనిమిది నెలలు గడిచిన పిమ్మట, కోతపండుగ కానుకలకై ఇల్లిల్లు తిరుగుచు ఆ గడప త్రొక్కితిమి. ఆమె మాకు మంచము వాల్చి, కొంగుతో కన్నులు తుడుచుకొని ఇట్లనెను: "అయ్యగారూ, వాడు అరిస్తే అందరూ నా వంకే చూస్తారండీ. బజారులో చూస్తే ఓర్చుకుంటాను. దేవుని గుడిలో కూడా అట్లాగే చూస్తే ఇంక నేనెక్కడికి పోవాలండీ?"

మాయొద్ద జవాబు లేకపోయెను. కానుక అడుగవచ్చిన నోటితోనే క్షమాపణ అడిగి వచ్చితిమి. ఆ దినమునుండి మేము నేర్చుకొనిన సంగతులను ఈ పాఠములో మీ ముందుంచుచున్నాము.

1. మోషే చేతులు అలసెను

రెఫీదీములో అమాలేకీయులు ఇశ్రాయేలు ప్రజలమీదికి వచ్చిన సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు సైతము తెలిసినదే. క్రింద యెహోషువ పోరాడుచుండగా, మోషే దేవుని కర్ర పట్టుకొని కొండమీద నిలిచెను. ఆయన చెయ్యి ఎత్తియున్నంతసేపు ఇశ్రాయేలుది పైచేయి. ఆ చెయ్యి వాలగానే అమాలేకుది పైచేయి.

ఇక్కడ మనము కొంచెము ఆగి ఆలోచింపవలెను. ఎఱ్ఱసముద్రము ఎదుట ప్రజలకు ధైర్యము చెప్పిన మోషే చేతులే అలసిపోయెను. ఇది విశ్వాసలోపము కాదు. చెయ్యి ఎత్తి కొంతసేపు నిలుచుట ఎవరికైనను సులభమే. దినమంతయు ఎత్తియుండుట ఎంతటి బలవంతునికైనను అసాధ్యము. మన శరీరము మన్నే గదా!

అహరోనును హూరును చేయనివి రెండు కలవు. "నీ విశ్వాసము చాలలేదు గనుక నీ చేతులు వాలుచున్నవి" అని వారు మోషేను గద్దింపలేదు. "ఇక నీవల్ల కాదు" అని ఆయన పనిని లాగుకొనలేదు. వారు చేసినవి మూడు. కూర్చుండుటకు రాయి తెచ్చి వేసిరి. ఇరుప్రక్కల నిలిచి చేతులను మోసిరి. పొద్దు గ్రుంకువరకు విడువకుండిరి. ఆటిజము గల బిడ్డను పెంచుచున్న తలిదండ్రుల చేతులును మోషే చేతులవంటివే. ఈ మూడు పనులే వారి విషయమై సంఘము చేయవలసినవి.

2. ఆటిజము అనగా నేమి?

ఇది అంటురోగము కాదు, పిచ్చియు కాదు. మెదడు ఎదుగు తీరులో చిన్ననాటనే ఏర్పడు భేదము. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను జాగ్రత్తగా గమనించి, ఈ స్థితిని గూర్చి లోకమునకు తెలియజేసెను. ఈ పిల్లలకు ఇతరులతో కలియుట, తమ మనస్సులోనిది తెలుపుట కష్టముగా నుండును. చేసిన పనినే మరల మరల చేయుదురు. అలవాటైన క్రమము మారిన తల్లడిల్లుదురు. కొందరికి శబ్దము, వెలుగు, ఇతరుల స్పర్శ భరింపరానివగును. మనకు పాటకు తాళముగా వినబడు డోలు ఆ బిడ్డకు చెవిలో గునపము దిగినట్లుండవచ్చును.

అందరు ఒకే తీరున నుండరు. కొందరికి జీవితమంతయు మాటలు రావు. కొందరు చక్కగా చదివి ఉద్యోగములు చేయుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో లోకమందు సుమారు 127 మందిలో ఒకరు ఆటిజము గలవారు. ఆ లెక్కనుబట్టి 500 మంది గల సంఘములో నలుగురు ఉండవచ్చును. "మా సంఘములో అట్టివారు లేరు" అని మనమనుకొనినయెడల, వారు లేరని కాదు, ఇండ్లలో దాగియున్నారని గ్రహింపవలెను.

తల్లులారా, ఈ గురుతులు జ్ఞాపకముంచుకొనుడి. ఏడాది నిండిన బిడ్డ పేరుపెట్టి పిలిచినను పలుకకున్నయెడల, ఏడాదిన్నర బిడ్డ తనకు కావలసినదానిని వ్రేలితో చూపకున్నయెడల, కన్నులలో కన్నులు పెట్టి చూడకున్నయెడల, వచ్చిన మాటలు పోయినయెడల, "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి మాటలు" అని కాలము గడుపక వైద్యునికి చూపించుడి. ఈ గురుతులుగల ప్రతి బిడ్డకును ఆటిజము ఉండదు. అయినను త్వరగా చూపించుటవలన నష్టము లేదు. ఆలస్యమువలన నష్టము కలదు.

3. పాపము ఎవరిది?

పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు మొదట అడిగిన ప్రశ్న ఇదే: వీడు పాపము చేసెనా, వీని కన్నవారా? ప్రభువు ఆ ఇద్దరిమీదను నేరము మోపలేదు. మన గ్రామములలో ఆ ప్రశ్న నేటికిని చావలేదు. గ్రహణమునాడు తల్లి బయటికి వచ్చినదనియు, కోడలి వంశములో దోషమున్నదనియు, ఎవరో చేతబడి చేసిరనియు పలుకుదురు. క్రైస్తవులమైన మనము ఆ మాటలను విడిచితిమని చెప్పుకొందుము గాని, "ఆ యింట ప్రార్థన తక్కువ" అనుచుందుము. మాట మారినది గాని రాయి ఆ తల్లిమీదనే పడుచున్నది.

చదువుకొనినవారును ఈ తప్పు చేసిరి. 1950, 1960 దశాబ్దములలో పడమటి దేశములలో పేరుగల నిపుణులు కొందరు, తల్లి ప్రేమలేనిదగుటచేత బిడ్డకు ఆటిజము వచ్చునని బోధించిరి. బిడ్డను చూచి ఏడ్చుచున్న తల్లులు తమ్మును తామే నిందించుకొనుచు మరింత ఏడ్చిరి. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఆ బోధ నిరాధారమని గ్రంథము వ్రాసెను. ఆయనయు ఆటిజము గల కుమారునికి తండ్రియే. వంశపారంపర్యముగా వచ్చు లక్షణములకును, గర్భములోనే మెదడు ఏర్పడు తీరునకును ఇందులో ఎక్కువ పాత్ర కలదనియు, తల్లి పెంపకము కారణము కాదనియు నేడు శాస్త్రము స్పష్టముగా చెప్పుచున్నది. టీకాలవలన వచ్చునను మాటయు నిజము కాదు. ఆ వదంతికి మూలమైన 1998 నాటి వ్యాసమును ప్రచురించిన పత్రికయే 2010లో దానిని రద్దు చేసెను. కాబట్టి పిల్లలకు టీకాలు మానవద్దు.

మరియొక మాట మనస్సు నొచ్చినను చెప్పవలసియున్నది. ఆటిజము దయ్యము కాదు. స్పర్శనే ఓర్వలేని బిడ్డను నలుగురు గట్టిగా పట్టుకొని, చెవి దగ్గర కేకలు వేసి ప్రార్థించుట ఆ బిడ్డను హింసించుటయే. ప్రార్థన మానుడని మేము చెప్పుటలేదు. మెల్లని స్వరముతో, తల్లి ప్రక్కన కూర్చుండి ప్రార్థించుడి. దేవుడు చెవిటివాడు కాడు. రూపాయలు పుచ్చుకొని స్వస్థత వాగ్దానము చేయువారియొద్దకును, ఆటిజమును పోగొట్టు మందు ఉన్నదని చెప్పువారియొద్దకును పోవద్దు. ఆటిజమును తీసివేయు మందు లేదు. నేర్పుటవలన, ఓర్పువలన బిడ్డ ఎదుగుట మాత్రము నిశ్చయము.

4. రాయి: కూర్చుండుటకు ఆధారము

అలసినవానికి మొదట కావలసినది ఉపదేశము కాదు, కూర్చుండుటకు చోటు. కొండమీద రాయి అంతకుముందే ఉన్నది. ఎవరో ఒకరు దానిని దొర్లించి తేవలసియుండెను. అట్లే మన దేశములో ఈ కుటుంబములకొరకు కొన్ని ఆధారములు ఇప్పటికే కలవు. అవి ఎక్కడనున్నవో తెలియక అనేకులు నిలువుకాళ్లమీదనే అలసిపోవుచున్నారు.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలకును ప్రభుత్వ పాఠశాలలకును వైద్యబృందములు వచ్చి పిల్లలను పరీక్షించును. ఎదుగుదలలో లోపము కనబడినవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. మండలములలో భవిత కేంద్రములు కలవు. ప్రత్యేక అవసరములుగల పిల్లలకు అక్కడ ఉపాధ్యాయులు నేర్పుదురు. 1984లో స్థాపింపబడి సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో నున్న కేంద్రప్రభుత్వ జాతీయ సంస్థలో పరీక్షయు, తలిదండ్రులకు తర్ఫీదును దొరకును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములలో ఆటిజమును చేర్చెను. 40 శాతము లేక అంతకు మించి వైకల్యమున్నట్లు ధ్రువపత్రము గల బిడ్డకు 6 మొదలు 18 ఏండ్లవరకు ఉచితముగా చదువుకొను హక్కును ఇచ్చెను. నేషనల్ ట్రస్టువారి నిరామయ ఆరోగ్యబీమా క్రింద ఏడాదికి 1 లక్ష రూపాయలవరకు వైద్య, శిక్షణ ఖర్చులకు సహాయము కలదు.

అయితే ఈ కాగితములన్నియు చదువురాని తల్లికి కొండవలె కనబడును. ధ్రువపత్రమునకై ఒక దినము కూలి పోగొట్టుకొని పట్టణమునకు పోయిన, "రేపు రమ్మ"నుట కలదు. బస్సులో బిడ్డ కేకలు వేసిన తోటి ప్రయాణికుల తిట్లు కలవు. మన సంఘములలో ఉపాధ్యాయులు, నర్సులు, ఆశా కార్యకర్తలు, డిగ్రీ చదివిన యౌవనస్థులు ఉన్నారు గదా! ఒకరు దరఖాస్తు నింపవచ్చును. ఒకరు తోడుగా బస్సెక్కవచ్చును. సంఘ పేదల నిధినుండి ఆ దినపు కూలిని ఇవ్వవచ్చును. రాయి దొర్లించుట అనగా ఇదే.

5. ఇరుప్రక్కల ఇద్దరు

అహరోను యాజకుడు. హూరును గూర్చి లేఖనములో వ్రాయబడినది బహు కొద్ది. ఈ పనికి పేరుగలవారే కావలెనని లేదు. ఒక ప్రక్క మాత్రమే పట్టుకొనినయెడల రెండవ చెయ్యి వాలిపోవును గనుక ఇద్దరు కావలసివచ్చిరి.

లోకములో ఈ సహాయమును ఆరంభించినవారిలో తలిదండ్రులే ముందున్నారు. 1962లో ఇంగ్లాండులో కొందరు తలిదండ్రులు కూడి ఒక సంఘము స్థాపించిరి. 1965లో తమ పిల్లలకు బడి తెరచిరి. మన దేశములో 1991లో న్యూఢిల్లీయందు మెర్రీ బారువా అను ఒక తల్లి 'యాక్షన్ ఫర్ ఆటిజం' అను సంస్థను ఆరంభించెను. మనవారికి బాగుగా తెలిసిన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల మానసిక ఆరోగ్య కేంద్రములో, రోగిని ఒంటరిగా విడువక కుటుంబీకులు తోడనే నివసించు పద్ధతిని మొదటినుండి పాటించిరి. అక్కడి పిల్లల విభాగములో తలిదండ్రులు వారముల తరబడి బిడ్డతో నుండి, ఇంటియొద్ద ఎట్లు నేర్పవలెనో తామే నేర్చుకొందురు.

ఇట్టి పని పెద్ద నిపుణులకే గాని మనకు కాదని యెవరైన అనవచ్చును. గోవాలోను, పాకిస్థానులోని రావల్పిండిలోను 65 మంది పిల్లల కుటుంబములతో జరిగిన ఒక ప్రయత్నపు ఫలితములు 2016లో ప్రకటింపబడెను. అక్కడ తలిదండ్రులకు నేర్పినవారు వైద్యులు కారు, తర్ఫీదు పొందిన సామాన్య ఆరోగ్య కార్యకర్తలు. తల్లి బిడ్డతో ఆడుకొనుచుండగా వీడియో తీసి, ఆ తల్లికే చూపి, బిడ్డ చూపును, సైగను ఎట్లు కనిపెట్టి జవాబియ్యవలెనో నేర్పిరి. తలిదండ్రులు బిడ్డకు జవాబిచ్చు తీరు మెరుగుపడెను; పిల్లలు తామై తలిదండ్రులను పలుకరించుటయు ఎక్కువాయెను. సామాన్యులును సరిగా నేర్చుకొనిన ఈ పనికి పనికివత్తురని దీనివలన తెలియుచున్నది.

మా సంఘము చేసిన కొద్ది ఏర్పాట్లను మీ ఉపయోగము నిమిత్తము వ్రాయుచున్నాము:

మొదటిది, గుడిలో తలుపు దగ్గర, మైకుకు దూరముగా, ఆ కుటుంబమునకు ఒక చోటు ఉంచితిమి. బిడ్డ లేచి వరండాలో తిరిగినను ఎవరును వెనుకకు తిరిగి చూడరాదని సంఘమునకు చెప్పితిమి.

రెండవది, డోలు వాయించుటకు ముందు ఒక యౌవనస్థుడు బిడ్డను వేపచెట్టు క్రిందికి తీసికొనిపోవును. పాట ముగిసిన పిమ్మట తిరిగి తెచ్చును. ప్రతివారము అతడే పోవును. మనుష్యులు మారిన బిడ్డ బెదరును.

మూడవది, ఆదివారపు బడి ఉపాధ్యాయిని అట్టముక్కలమీద బొమ్మలు గీసి, మొదట పాట, తరువాత ప్రార్థన, తరువాత కథ, పిమ్మట ఇల్లు అని వరుసగా చూపును. తరువాత ఏమి జరుగునో తెలిసిన బిడ్డ నెమ్మదించును.

నాలుగవది, స్త్రీల సమాజమువారిలో ఇద్దరు వారమునకు ఒక సాయంత్రము ఆ యింటికి పోయి రెండు గంటలు బిడ్డయొద్ద నుందురు. ఆ రెండు గంటలు తల్లి నిద్రించునో, తలంటుకొనునో, పెద్ద కుమార్తె ప్రక్కన కూర్చుండి చదివించునో, అది ఆమె ఇష్టము. తమ్మునివలన ఆ అక్కకు తల్లి ఒడి దొరకక చాలకాలమైనదని మేము తరువాత గ్రహించితిమి.

అయిదవది, సంఘ పురుషులు ఆ తండ్రిని మరువలేదు. తండ్రులు దుఃఖమును మ్రింగి, కొందరు సారాకొట్టునకు, కొందరు వలసకు పోవుదురు. చావడిలో ఒకరు ప్రక్కన కూర్చుండి, "ఏం బావా, పిల్లాడెట్లా ఉన్నాడు?" అని అడిగినయెడల అది చిన్న మాట కాదు.

ఇందులో ఏదియు ఎక్కువ ధనముతో కూడినది కాదు.

6. పొద్దు గ్రుంకువరకు

మనము కష్టమును చూచి ఒక్కసారి పరుగెత్తుటలో మంచివారమే. ఇల్లు కాలిన బియ్యము పోగుచేయుదుము. చావు వచ్చిన వండి పెట్టుదుము. అయితే ఈ భారము ఒక దినముది కాదు. ఆరేండ్ల బిడ్డ పదహారేండ్లవాడగును, ముప్పది ఏండ్లవాడగును. తల్లి అడుగు చివరి ప్రశ్న ఒకటే: "మేము పోయాక వీణ్ణి ఎవరు చూస్తారు?"

ఈ ప్రశ్నకు మన దేశపు చట్టము కొంత జవాబిచ్చినది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము ఆటిజము గలవారికిని వర్తించును. దాని ప్రకారము జిల్లా స్థానిక కమిటీ 18 ఏండ్లు నిండినవారికి చట్టబద్ధమైన సంరక్షకుని నియమించును. తలిదండ్రులు బ్రతికియుండగనే దీనిని ఆలోచించుట మంచిది. అయితే చట్టము కాగితమిచ్చును గాని ప్రేమనియ్యలేదు. సంరక్షకుడుగా నిలువదగిన పినతండ్రినో, అక్కనో, సంఘస్థునినో సిద్ధపరచుట మన పని. క్రమముగా, ఒకే తీరున సాగు పనిని కొందరు ఎంతో నమ్మకముగా చేయుదురు గనుక, మొక్కలకు నీరు పోయుట, గుడి చాపలు పరచుట, విస్తళ్లు కుట్టుట వంటి పనులను చిన్ననాటినుండి ఓర్పుతో నేర్పవలెను. చాపలు పరచు బిడ్డ సంఘమునకు భారము కాదు, సంఘసేవకుడు. బలహీనముగా కనబడు అవయవము లేక శరీరము సాగదని పౌలు కొరింథీయులకు వ్రాసినది ఇట్టి సంగతియే.

ఆ తల్లి ఇప్పుడు గుడికి వచ్చుచున్నది. బిడ్డకు మాటలు రాలేదు. ఇంకను కొన్ని ఆదివారములు కేకలు వేయుచునే యున్నాడు. మేము విని ఊరకుందుము. గడచిన పునరుత్థాన పండుగనాడు ఆమె ఆరాధన ఆరంభమునుండి దీవెనవరకు కూర్చుండెను. బయటికి వచ్చి, "వీడు పుట్టాక ఇవాళే మొత్తం ప్రసంగం విన్నానండీ" అనెను. ఆనాటి ప్రసంగము అంత గొప్పది కాదని మాకు తెలియును. ఆమెకు కూర్చుండుటకు ఒక రాయి దొరికినది, అంతే.

మీ గ్రామములోను అలసిన చేతులు కలవు. ఈ వారమే ఆ గడపకు పొండి. ఉపదేశమును ఇంటియొద్ద విడిచి, రెండు చేతులను తీసికొని పొండి.

చర్చకు ప్రశ్నలు

1. మోషే చేతులు అలసినప్పుడు అహరోను, హూరులు ఆయనను ఏల గద్దింపలేదు?

2. మన సంఘములో కొంతకాలముగా కనబడని కుటుంబము ఏదైన కలదా? వారు రాకపోవుటకు మన చూపులు కారణమా?

3. మన మండలములో భవిత కేంద్రము ఎక్కడ నున్నది? వచ్చు మాసములోగా పోయి చూచి వచ్చుటకు ఎవరు ఒప్పుకొందురు?

4. వారమునకు రెండు గంటలు, ఒక సంవత్సరము పాటు, మానక ఇయ్యగలవారు మనలో ఎవరు?

ప్రార్థనాంశములు

బిడ్డలను దాచుకొని ఏడ్చుచున్న తల్లులకొరకు, మౌనముగా మోయుచున్న తండ్రులకొరకు, వెనుకబడిన అక్కచెల్లెండ్ర, అన్నదమ్ముల కొరకు, ప్రత్యేక ఉపాధ్యాయులకొరకు, మన చేతులు మధ్యలో వాలిపోకుండునట్లు మనకొరకు.